నీరవ వచ్చేదాకా

మాది శుద్ధ శ్రవణ సంఘం. మంచి సంగీతాన్ని మంచి పరికరాల మీద వినడం మా ఆశయం. ఉగాది నుంచి ఇప్పటిదాకా మా సంఘం సభల్లో ఏ ఒక్కరూ ఒక్క పాట కూడా వినలేదు.

సంఘం సాధించిన విజయాల్లో ఇది మొదటిది.

నేను సస్పెన్స్ నవలలు రాసి బతుకుతున్నాను. నా ప్రతి అధ్యాయం చివరా ఎవరో ఒకరు తలుపు తడతారు. ఆ తలుపు తీసేది వచ్చే వారమే. జనాన్ని అలా ఊరించి ఊరించి బెజవాడలో ఫ్లాటు కొనుక్కున్నవాణ్ణి, ఒక పెట్టె కోసం నేనే నోరు తెరుచుకుని ఎదురుచూస్తానని ఏ అధ్యాయంలోనూ ఊహించలేదు.

ఆ పెట్టె పేరు నీరవ. అదొక ప్రీయాంప్లిఫయర్. రికార్డు నుంచో కాసెట్టు నుంచో వచ్చే బక్కచిక్కిన శబ్దాన్ని శుభ్రం చేసి, కాస్త బలం పట్టించి, పెద్ద ఆంప్లిఫయర్ చేతికిస్తుంది. ఇంటి భాషలో చెప్పాలంటే వంట చేసేది అది కాదు, కూరలు తరిగి ఇచ్చేది. కానీ కత్తిపీట మురికిదైతే కూర ఏం బాగుంటుందని మా వాదన.

నీరవకి వైరు లేదు, ప్లగ్గు లేదు. బ్యాటరీలతో నడుస్తుంది. లోపల ఎనిమిది సెల్లులు. టార్చిలైటులో వేసే లావుపాటి సెల్లుల సైజువే, కాకపోతే మళ్ళీ మళ్ళీ చార్జి చేసుకోవచ్చు. నీలగిరి కొండల్లో ఒక పెద్దమనిషి ఒక్కో పెట్టెనీ తన చేత్తో తయారుచేస్తాడు. ధర చెప్పను. సువర్చల ఈ కథ చదువుతుంది.

సువర్చల నా భార్య.

నీరవ వార్తను మాకు మోసుకొచ్చింది మా అధ్యక్షులు వేమూరి పరబ్రహ్మం గారు. ఆయన కరెంటు డిపార్టుమెంటులో పెద్ద ఇంజనీరుగా రిటైరయ్యారు. ఉగాది సభలో ఆయన మైకు పక్కకు నెట్టి మరీ మాట్లాడారు.

"జీవితమంతా ఈ జిల్లాకు కరెంటు సరఫరా చేసినవాణ్ణి చెబుతున్నాను, వినండి. అది మురికి! పిండిమర నమిలి వదిలేసిన కరెంటు, వెల్డింగు షాపు పుక్కిలించి ఉమ్మిన కరెంటు మీ ఇంటి గోడలోకి వస్తోంది. ఆ ఎంగిలి కరెంటుతో మీరు కీర్తనలు వింటున్నారు. సిగ్గుండాలి!"

మాకందరికీ చాలా సిగ్గేసింది. సంఘం తరఫున ఒక నీరవ కొనాలని అక్కడికక్కడే తీర్మానించాం. నన్ను ప్రచార కార్యదర్శిని చేశారు. నీరవ వచ్చేదాకా సభ్యుల ఉత్సాహం చల్లారకుండా నెలకో బులెటిన్ రాయడం నా పని.

నా సరుకు నేను చూపించాను. మొదటి బులెటిన్‌లో నీలగిరి కొండల్లో మంచు, ఆ మంచులో ఒక దీపం, ఆ దీపం దగ్గర వంగి కూర్చున్న ఒక మనిషి, మహర్షుల్లా బారులు తీరిన ఎనిమిది సెల్లులు. చివర్లో ఎవరో తలుపు తట్టారు. సభ్యులు ఊగిపోయారు. రెండో నెల తయారీదారు ఆలస్యమవుతుందన్నాడు. ఆ ఆలస్యాన్నే నేను మలుపుగా మార్చి రాశాను. మూడో నెల ఇంకా ఆలస్యమన్నాడు. నేను ఇంకా గొప్పగా రాశాను. నాలుగో బులెటిన్ రాసి చదువుకున్నాక నాకే ఒళ్ళు జలదరించింది. నేను తవ్విన గోతిలో పడ్డ మొదటి పాఠకుణ్ణి నేనే.

ఇంట్లో మాత్రం వేరే కథ నడుస్తోంది.

పెళ్ళికి ముందు సువర్చల, వాళ్ళ అక్క హైమావతి గారు కలిసి రేడియోలో ఒక లలితగీతం పాడారు. వాన మీద పాట. రెండో చరణం ఎత్తుకునే చోట ఇద్దరి గొంతులూ కలవలేదు. నువ్వు ముందే అందుకున్నావని అక్క. నువ్వే వెనకబడ్డావని చెల్లెలు. అప్పట్లో ప్రసారం నేరుగా జరిగింది కాబట్టి పాడిన ఇద్దరూ ఆ పాట ఎప్పుడూ వినలేదు. పెళ్ళిళ్ళలో, సీమంతాల్లో, చివరికి మా మావగారి పదోరోజున కూడా ఆ తగువు నడిచింది. ఈ వేసవిలో రేడియోలో పనిచేసిన పాత స్నేహితురాలు ఒకావిడ స్టేషన్లో దాచి ఉంచిన టేపు నుంచి ఆ పాటను కాసెట్టు మీదకి ఎక్కించి పంపింది.

సరిగ్గా అప్పుడే వదినగారి ఎడమ చెవి పోయింది. కుడి చెవి పోతూ ఉంది. "వినాలనుకున్నవి ఈ ఏడాదిలోనే వినెయ్యండమ్మా" అన్నాడట డాక్టరు.

"అక్క తెనాలి నుంచి వస్తానంటోంది. ఆ కాసెట్టు పెట్టండి" అంది సువర్చల.

"నీరవ రానీ. అంత అపురూపమైన పాటని మామూలు సెట్టు మీద వింటారా ఎవరైనా?"

"అది ఎప్పుడొస్తుంది?"

"అదే కదా సస్పెన్సు."

"దాని చెవికి సస్పెన్సు లేదండీ. డాక్టరు చెప్పేశాడు" అంది సువర్చల.

మామూలు సెట్టు మీద పెడదామన్నా అప్పటికి అది ఇంట్లో లేదు. ఎంగిలి కరెంటు వాడే సెట్టు ఇంట్లో ఉన్న సభ్యుడికి నీరవ ముందు కూర్చునే అర్హత లేదని సంఘం నిర్ణయించింది. అందరం సెట్లు అమ్మేశాం. ఈ రోజుల్లో ఊళ్ళో కాసెట్టు పాడించగల ఇళ్ళంటూ ఉంటే అవి మా సభ్యుల ఇళ్ళే. ఆ విధంగా బెజవాడలో ఆ పాట వినడానికి వీల్లేకుండా చేసింది సంగీతాభిమానులమైన మేమే.

తర్వాత శ్రవణోపవాసం వచ్చింది. నీరవను వినబోయే చెవి ఖాళీగా, శుచిగా ఉండాలి కాబట్టి అది వచ్చేదాకా ఎవరూ ఏ సంగీతమూ వినరాదు. ఆటోలో పాట వస్తుంటే దిగిపోవాలి. పెళ్ళిలో సన్నాయి మోగితే అక్షింతలు గుమ్మంలోంచే విసిరి వచ్చెయ్యాలి. నేను మా మేనకోడలి పెళ్ళిలో అలాగే విసిరాను. అవి ఫోటోగ్రాఫరు మీద పడ్డాయి.

ఆ తర్వాత గృహ తనిఖీలు మొదలయ్యాయి. మా కార్యదర్శి గుండిమెడ నరహరి గారు కోర్టులో సిరస్తదారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన మాట్లాడితే నోటీసు చదివినట్టుంటుంది. శబ్దాన్ని కొలిచే మీటరు పట్టుకుని మా ఇంటికొచ్చి, ఫ్యాను ఆపించి, ఫ్రిజ్జు ఆపించి, వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. కుక్కరు కూత వేసింది.

"సదరు కూత ఎన్నిసార్లు వచ్చును?" అన్నారు.

"పప్పు ఉడికేదాకా వస్తుంది అన్నయ్యగారూ. పప్పు ఉడకాలా, వద్దా?" అంది సువర్చల.

"సదరు పప్పు విషయంలో సంఘమునకు అభ్యంతరము లేదమ్మా. సదరు కూత విషయంలోనే."

ఇంతలో ఫోను మోగింది. ఎత్తకముందే హైమావతి గారి గొంతు బయటికొచ్చిందా అన్నట్టుంది. చెవి సరిగ్గా వినపడనివాళ్ళు ఎదుటివాళ్ళకీ వినపడదనుకుంటారు.

"ఏమే సువ్వీ! వచ్చిందా ఆ డబ్బా?"

మీటరు ముల్లు చివరిదాకా వెళ్ళి అక్కడే వణికింది. నరహరి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, గృహిణి శబ్దము సవరించదగినది. గృహిణి సోదరి శబ్దము తెనాలి పరిధిలోనిది కనుక ఆ ఊరివారికి నివేదించవలెను."

"ఏమంటున్నాడే ఆయన?" అంది ఫోను.

"నీ గొంతు బాగుందంటున్నారక్కా!"

నియమం అందరికీ ఒకటే కాబట్టి పరబ్రహ్మం గారి ఇంట్లోనూ తనిఖీ జరిగింది. నేనూ వెళ్ళాను. వంటింటి అలమరలో, ఇంగువ డబ్బా పక్కన, నూనె జిడ్డు పట్టిన పాత టూ ఇన్ వన్ కనిపించింది. రేడియో, కాసెట్టు రెండూ పాడతాయి.

"ఇది ధ్వని పరికరము కాదా?" అన్నారు నరహరి గారు అనుమానంగా.

అధ్యక్షుల వారి భార్య శేషారత్నం గారు పోపు ఆపలేదు. "అది నా పోపులపెట్టె లాంటిది అన్నయ్యగారూ. ఈయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో కరెంటు ఉంటే కదా! సెల్లులేసుకుని పాటలు వింటూ వండుకునేదాన్ని."

నరహరి గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సదరు వస్తువును వంటింటి సామానుగా పరిగణించాలని తేల్చారు. దాని సంగతి సువర్చలకు చెప్పాలని నాకు తోచనే లేదు. వంటింటి సామాను గురించి ప్రచార కార్యదర్శి ఇంట్లో ఏం మాట్లాడతాడు?

చివరికి దసరా వెళ్ళాక నీరవ వచ్చింది. దూదిలో, గుడ్డలో, మళ్ళీ దూదిలో చుట్టి ఉంది. నల్లటి పెట్టె, ముందు ఒక గుండీ, ఒక చిన్న ఆకుపచ్చ దీపం. దీపం వెలగలేదు. ప్రయాణంలో సెల్లులు అయిపోయాయి. చార్జి చెయ్యాలి.

దేంతో చెయ్యాలి? గోడ కరెంటుతో చేస్తే ఎంగిలే. సోలార్ పలక పెడదామని ఒకరన్నారు. "బెజవాడ ఎండలో దుమ్ము ఉంటుంది" అన్నారు పరబ్రహ్మం గారు. దాంతో పలక మాట పోయింది. ఆయన మేడ మీద ఒక సైకిలు బిగించి, దాని చక్రానికి డైనమో తగిలించి, సభ్యులే తొక్కి కరెంటు పుట్టించాలని తీర్మానం చేశాం. సభ్యుల్లో మోకాళ్ళు సరిగ్గా ఉన్నవాళ్ళు ఇద్దరే. వాళ్ళలో నేను లేను. అయినా నా వంతు వచ్చినప్పుడు ఎక్కాను. నా నవలల్లో హీరో కదులుతున్న రైలు మీద పరిగెత్తుతాడు. నేను కదలని సైకిలు మీద ఆయాసపడ్డాను.

"పొద్దున ఏం తిన్నారు?" అన్నారు పరబ్రహ్మం గారు వెనక నుంచి.

"పెసరట్టండీ."

"పిండి ఎందులో రుబ్బారు?"

"మిక్సీలో..."

ఆయన గబుక్కున సైకిలు ముందుకొచ్చారు. "ఆపండి! ఎంగిలి కరెంటు మిక్సీలోకి వెళ్ళింది. మిక్సీ నుంచి పిండిలోకి, పిండి నుంచి మీలోకి, మీ నుంచి నీరవలోకి! ఇన్నాళ్ళ తపస్సు ఏం కావాలి?"

తర్కంలో ఎక్కడా లోపం కనపడలేదు. నేను ఇంటికెళ్ళి సువర్చలను రుబ్బురోలు అడిగాను.

"మా పుట్టింట్లో ఉంది. వెళ్ళి తెచ్చేదా?" అంది.

"ఎంతసేపు పడుతుంది?"

"అది పంపించేస్తాను. నేను అక్కడే ఉంటాను."

ఆ వారమంతా అటుకులు నానబెట్టుకుని తిని తొక్కాను.

ప్రారంభోత్సవం ఆదివారం పొద్దున, పరబ్రహ్మం గారి మేడ మీద హాల్లో. బయటి శబ్దం రాకుండా గోడలకీ కిటికీలకీ పరుపులు కట్టారు. సంఘం కొత్తగా కొన్న తక్కిన పరికరాలన్నిటికీ లారీ బ్యాటరీలు పెట్టారు, వాటికీ మేమే తొక్కాం. హైమావతి గారు తెనాలి నుంచి పొద్దుటి రైలుకే దిగారు.

"ఏమయ్యా మరిదీ, ఇవాళ నీ పెళ్ళాం అబద్ధాలకోరని తేలిపోతుంది, చూసుకో!" అన్నారు మెట్ల మీద. కింద వంటింట్లో శేషారత్నం గారు ఉలిక్కిపడి గరిటె జారవిడిచారు.

కాసెట్టు నా జేబులో ఉంది. మొదట వినిపించేది ఈ పాటే అని ఇద్దరికీ మాటిచ్చాను. కుడి చెవి నీరవ వైపు ఉండేలా వదినగారిని ముందు వరసలో కూర్చోబెట్టాను.

పరబ్రహ్మం గారు గుండీ తిప్పారు. ఆకుపచ్చ దీపం వెలిగింది. స్పీకర్లలోంచి ఏమీ రాలేదు. చిన్న గుర్రుమనే చప్పుడు కూడా లేదు. అంతా చెవులు రిక్కించారు. వెనక వరసలో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏం పాడుతోందే?" అన్నారు వదినగారు. ఆవిడ గుసగుస అనుకున్నారు. పరుపులు అదిరాయి.

నేను లేచి కాసెట్టు చూపించాను. నరహరి గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"సదరు పాట ఏ కరెంటుతో రికార్డయినది?"

"రేడియో స్టేషన్లోనండి. అంటే... గోడ కరెంటే."

హాలంతా నా వైపు తిరిగింది. పరబ్రహ్మం గారు కళ్ళు మూసుకుని నెమ్మదిగా అన్నారు: "మనం ఎంత గుడ్డివాళ్ళం! పెట్టె ఒక్కటే శుద్ధంగా ఉంటే చాలా? ఈ ప్రపంచంలో ఉన్న ప్రతి రికార్డూ, ప్రతి కాసెట్టూ ఎంగిలి కరెంటుతో చేసిందే. ఇందులో పోస్తే ఇన్నాళ్ళ మన శ్రమ పెంటపాలు."

"కనుక" అన్నారు నరహరి గారు లేచి, "ఆసాంతము బ్యాటరీతో రికార్డయిన సంగీతము లభ్యమగు వరకు, నీరవలో ఏ సంగీతమును ప్రవేశపెట్టరాదనియు, అంతవరకు సభ్యులు నీరవను మాత్రమే వినవలెననియు తీర్మానము. చూపు కూడా ఒక అలజడే కనుక కళ్ళు మూసుకుని వినవలెను. అనుకూలురు చేతులెత్తవలెను."

చేతులు లేచాయి. ఏం మలుపు! ఇన్ని నెలలు ఎదురుచూసింది వచ్చాక, అసలు ఎదురుచూడాల్సింది ఇంకొకటుందని తేలడం! నా వృత్తిలో ఇంతకు మించిన ఎత్తుగడ లేదు. తలెత్తి చూద్దును కదా, నా చెయ్యి కూడా పైకి లేచి ఉంది.

సువర్చల చూసింది. లేచి వచ్చి, నా రెండో చేతిలోంచి కాసెట్టు తీసుకుని, అక్క భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకెళ్ళింది.

"అయిపోయిందా? నాకేం వినపళ్ళేదే" అంటున్నారు వదినగారు తలుపు దగ్గర. "నాకు పూర్తిగా పోయినట్టుందే సువ్వీ."

ఆ మాట విన్నాక నేను కూర్చోలేకపోయాను. అందరూ కళ్ళు మూసుకున్నాక మెల్లగా జారుకున్నాను.

కింద వంటింట్లో ముగ్గురు ఆడవాళ్ళూ గట్టు చుట్టూ నిలబడి ఉన్నారు. ఇంగువ డబ్బా పక్కన టూ ఇన్ వన్. అందులో కాసెట్టు. శేషారత్నం గారు పైట చెంగుతో దాని జిడ్డు తుడిచి మీట నొక్కారు. గరగరమంటూ వీణ, ఆ వెనకే ఇద్దరమ్మాయిల గొంతులు. వదినగారు కుడి చెవిని స్పీకరుకి ఆనించేశారు.

"వినపడుతోందే!" అన్నారు. "ఇదిగో నువ్వు. ఇది నేను."

పల్లవి అయింది. మొదటి చరణం అయింది. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. రెండో చరణం ముందు వీణ వచ్చింది. వచ్చి, నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. ఇద్దరమ్మాయిలూ మగవాళ్ళ గొంతులతో ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయారు.

"సెల్లులు నీరసించాయి" అన్నారు శేషారత్నం గారు. "ఆరు కావాలి. ఆదివారం, వీధిలో కొట్టు కూడా తెరవరు."

నా నవలల్లో ఇలాంటి చోటే తర్వాతి వారం అని వేసి పారిపోతాను. అక్కడ పారిపోవడానికి వీల్లేకపోయింది, సువర్చల నన్ను చూస్తోంది. మొదటిసారి నాకు పాఠకురాలి ముఖం కనపడింది.

మేడ మెట్లు ఎక్కాను. హాల్లో ముప్పయి మంది కళ్ళు మూసుకుని, మెడలు ఓ పక్కకు వాల్చి నీరవను వింటున్నారు. నేను దొంగతనాలు చాలా రాశాను. బ్యాంకులు, రాజమహళ్ళు, ఒకసారి జలాంతర్గామి కూడా. మా హీరోకి మోకాలు చప్పుడు చెయ్యదు. నేను వంగేసరికి నా మోకాలు టక్కుమంది.

"ఎవరది?" అన్నారు పరబ్రహ్మం గారు, కళ్ళు తెరవకుండా.

"సదరు శబ్దము బాహ్యము. విస్మరించవలెను" అన్నారు నరహరి గారు, కళ్ళు తెరవకుండానే.

పెట్టె వెనక మూత జరిపాను. ఎనిమిది మంది మహర్షులూ బారులు తీరి ఉన్నారు. ఆరుగురిని జేబుల్లో వేసుకున్నాను. ఆకుపచ్చ దీపం ఆరిపోయింది. ఇప్పుడు తెలిసిపోతుంది, ఇప్పుడు పట్టుకుంటారు!

పరబ్రహ్మం గారు గాఢంగా ఊపిరి పీల్చుకున్నారు.

"ఆహా... ఇప్పుడు! గమనించారా? ఇప్పుడు ఇంకా లోతుగా ఉంది."

ముప్పయి తలలు ఊగాయి.

వంటింట్లో సెల్లులు వేసి, టేపు కొంచెం వెనక్కి తిప్పి మీట నొక్కాం. వీణ సరైన నడకతో వచ్చింది. రెండో చరణం వచ్చింది. ఒక గొంతు ముందు, ఇంకో గొంతు వెనక. ఆ వెనకది గబగబా పరిగెత్తి మొదటి దాన్ని అందుకుంది. అందుకున్నాక మాత్రం రెండూ ఎంత బాగా కలిశాయంటే శేషారత్నం గారు స్టవ్వు ఆపేశారు.

హైమావతి గారు చెవి తియ్యకుండానే అన్నారు: "నేనేనే. నేనే వెనకబడ్డాను. ఇన్నేళ్ళూ నిన్ను ఆడిపోసుకున్నాను."

గెలిచిన సువర్చల ముఖంలో గెలుపు లేదు. "కాదక్కా. సరిగ్గా విను. నేనే తొందరపడ్డాను."

"నీ మొహం! నాకు చెవుడనుకుంటున్నావా? నేనే."

"నేనేనంటుంటే!"

"మళ్ళీ పెట్టవే, తేల్చుకుందాం."

మళ్ళీ పెట్టారు. మధ్యాన్నం భోజనాల వేళ దాకా పెడుతూనే ఉన్నారు. తేలలేదు.

సభ ముగిశాక పరబ్రహ్మం గారు తడి కళ్ళతో కిందికొచ్చి, రెండో సగంలో నీరవ అందుకున్న ఎత్తుల గురించి ప్రత్యేక బులెటిన్ రాయమని నన్ను ఆదేశించారు. రాశాను. ఆ బులెటిన్ చదివి పక్క జిల్లాల నుంచి కూడా సభ్యులు చేరారు. ఇప్పుడు ప్రతి ఆదివారం హాలు చాలక మెట్ల మీద కూడా కళ్ళు మూసుకుని కూర్చుంటున్నారు. ఆరు సెల్లులు నేను తిరిగి పెట్టలేదు. ఎవరూ అడగలేదు.

వదినగారు కూడా ప్రతి ఆదివారం తెనాలి నుంచి వస్తున్నారు. కుడి చెవి ఇంకా పట్టుకుని ఉంది. ముగ్గురూ వంటింట్లో చేరతారు. తగువు ఇప్పుడు తిరగబడి నడుస్తోంది. సెల్లులు నీరసించినప్పుడు నేను మేడెక్కి సైకిలు తొక్కి వస్తున్నాను. సంఘం పట్ల నా నిష్ఠ చూసి అధ్యక్షుల వారు మురిసిపోతున్నారు.

తొక్కేముందు పెసరట్టు తింటున్నాను. మిక్సీలో రుబ్బిందే. పాటలో తేడా ఏమీ తెలియడం లేదు.